గుమ్మం ముందు చెంబెడు నీళ్ళు

చెరెషొవో,
జూన్ 29

నెవ్యా తల్లికి, మీ నాన్న దోంచో రాసేదేమంటే,

ముందు ఆ మేజోళ్ళ సంగతి తేలాలి. నువ్వు పంపిన జతలో ఒకదాని మీద 'ఎడమ' అని, ఇంకోదాని మీద 'కుడి' అని రాసుంది. డెబ్భై నాలుగేళ్ళుగా నా కాళ్ళు ఎవరి సలహా లేకుండా మేజోళ్ళలో దూరుతున్నాయి. ఇప్పుడేమో పొద్దున్నే మంచం మీద కూచుని, కళ్ళజోడు వెతుక్కుని, చదివి, ఆలోచించి తొడుక్కోవాలి. నేను ఏడో క్లాసు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చిందే ఇలాంటి బాధలు పడలేక. నిన్న కావాలనే తారుమారుగా తొడిగాను. ఏం కాలేదు. ఊళ్ళో ఒక్కడూ గమనించలేదు.

సరే, నీ కొడుకు క్షేమంగా దిగాడు. దిగుతూనే డ్రైవరుతో "నాలుగు నిమిషాలు ఆలస్యం" అన్నాడు. డ్రైవరు మావాడికి సారీ చెప్పాడే! ముప్ఫై ఏళ్ళుగా ఎక్కుతున్నాను ఆ బస్సు, నా మొహం చూసి పలకరించిన పాపాన పోలేదు వాడు.

యాసెన్ చెవులకి ఆ పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆకుపచ్చ సంచీ ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూచున్నాడు. ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ పక్కకి జరిపి అడిగాడు.

"తాతా, అమ్మ నన్నెందుకు పంపింది?"

"గాలి మార్పు కోసంరా."

"గాలి కోసం కాదు. నా మొహం చూస్తే అమ్మకి ఏడుపొస్తోంది. అందుకని మొహాన్ని ఇక్కడికి పంపింది."

లేచి వాడికి పుచ్చకాయ కోసిపెట్టాను. నేను జోకు వెయ్యకుండా లేవడం నువ్వెప్పుడైనా చూశావా?

పక్కింటి గెనా వచ్చి, "బాబూ, ఏడో క్లాసు పరీక్షలో లెక్కల్లో ఎంతొచ్చాయి?" అంది. "నూటికి నలభై ఒకటి" అన్నాడు వాడు, ఎంత టైమైందో చెప్పినట్టు. గెనా గుండెల మీద సిలువ గీసుకుని ఇంటికెళ్ళి, గంటలో బానిత్సా కాల్చి, పళ్ళెం మీద గుడ్డ కప్పి, చావింటికి తెచ్చినట్టు తలొంచుకుని తెచ్చింది. బాగుంది, ఆ జున్ను పొరలు ఇద్దరం కలిసి తినేశాం. ఇంకో సబ్జెక్టు మార్కులు కూడా చెప్పరా, కోడి కోస్తుందేమో అన్నాను.

ఫోన్ చెయ్యమంటావు. చెయ్యను. మొన్న నేను రెండో జోకు మొదలుపెట్టకముందే పెట్టేశావు. ఉత్తరాన్నయితే చించేద్దామన్నా ముందు చదవాలి కదా.

నీ నాన్న
దోంచో


ప్లోవ్‌దివ్,
జూలై 4

నాన్నా,

అవి రక్తం ఆడటానికి డాక్టరు చెప్పిన మేజోళ్ళు. ఎడమది ఎడమకే తొడుగు. దయచేసి.

నీకంతా నవ్వులాట. నలభై ఒకటి నాన్నా! మార్చిలో బళ్ళో పెట్టిన నమూనా పరీక్షలో వాడికి ఎనభై ఎనిమిది. అలాంటి లెక్కలే, అదే గది, అదే బల్ల. మూడు నెలల్లో నలభై ఏడు మార్కులు ఎటుపోయాయి? "ఎందుకు రాయలేదురా" అంటే "రాశాను" అంటాడు. "మరి మిగతావి?" అంటే "మిగతావి రాయలేదు" అంటాడు. అంతకుమించి ఒక్క ముక్క రాదు.

వాణ్ణి ఒకటో క్లాసులో చేర్చేటప్పుడు బడి డైరెక్టరమ్మ అన్న మాట నీకు గుర్తుండదు. నాకుంది. "ఆటిజం ఉన్న పిల్లలకి వేరే బళ్ళున్నాయి కదమ్మా, వీణ్ణెందుకు కష్టపెడతావు" అంది. ఏడేళ్ళు ఆవిడ గది ముందు కుర్చీలో కూచున్నాను. వాళ్ళ నాన్న తిహొమిర్ లారీ వేసుకుని దేశాలు తిరుగుతుంటే ప్రతి మీటింగుకీ నేనే వెళ్ళాను. గణితం బళ్ళో సీటొస్తే ఆ కాగితం తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెడదామనుకున్నాను. ఏమీ అనకుండా, ఊరికే పెట్టి వచ్చేద్దామని.

ఫలితాలొచ్చిన రోజు బాత్రూంలో దూరి కుళాయి తిప్పి ఏడ్చాను. వాడు తలుపు కొట్టాడు. "అమ్మా, కుళాయి కట్టెయ్. నాకు రెండూ వినిపిస్తున్నాయి" అన్నాడు. మొహాన్ని పంపానంటాడా? ఆ మాట నాతో అనలేదు. నీతో అన్నాడు.

లిఫ్టులో నాలుగో అంతస్తు త్సోంకా ఎదురైంది. "మా పాపకి తొంభై ఒకటి. మీవాడికి పాపం ఎంత?" అంది. అంకె వినకముందే పాపం తగిలించేసింది. అప్పట్నించీ మెట్లెక్కుతున్నాను. మాది ఏడో అంతస్తు.

రెండో విడత సీట్లకి ఈ నెల ఇరవై రెండులోగా కోరికల కాగితం ఇవ్వాలి, ఏ బడి ముందు, ఏ బడి తర్వాత అని. మొదటి గడిలో గణితం బడే పెన్సిలుతో రాశాను. ఆ మార్కులకి రాదని తెలుసు. రెండో గడిలో ఏం రాయాలో తోచడంలేదు. నువ్వు వాడితో రోజూ పది లెక్కలు చేయించు. పుస్తకం ఆకుపచ్చ సంచీలో ఉంది. జోకులు తర్వాత.

నెవ్యానా


చెరెషొవో,
జూలై 9

అమ్మా కలెక్టరమ్మా,

నీ ఆర్డరు ప్రకారం లెక్కలు చేయించాను. వాడు పదీ చేసేసరికి నా కాఫీ ఇంకా పొంగలేదు. పుస్తకం చివర జవాబులు చూసి నేనే దిద్దాను. తొమ్మిది ఒప్పు, ఒకటి తప్పు. ఎర్ర పెన్నుతో పెద్ద అడ్డగీత కొట్టాను, చాలా హాయిగా ఉంది ప్రాణానికి. తీరా చూస్తే నేను వేరే పేజీ చూశానట. పదికి పది. నా అడ్డగీత వాడు రబ్బరుతో అరగంట చెరిపాడు, పోలేదు. దాని గురించి ఇంకా బాధపడుతున్నాడు.

ఇంక అసలు వార్త. మా ఇంట్లో పెరుగు యుద్ధం జరిగింది.

నేను పెరుగు తోడు పెట్టే పద్ధతి నీకు తెలుసు. గెనా గొర్రెల పాలు కాచి, చల్లార్చి, చిటికెన వేలు ముంచి పది లెక్కపెడతాను. పదికి వేలు చురుక్కుమంటే తోడు వెయ్యాలి. మా అమ్మ చూపించింది, యాభై ఏళ్ళుగా అదే. నీ కొడుకు సంచీలోంచి థర్మామీటరు తీశాడు. వంటింటి థర్మామీటరు ప్రయాణంలో తెచ్చుకునేవాణ్ణి నేను ఇంకెక్కడా చూళ్ళేదు.

"యాభై ఒకటి తాతా. ఎక్కువ. నీ వేలు తప్పు చెబుతోంది."

"నా వేలు నువ్వు పుట్టకముందు నించీ చెబుతోందిరా!"

"అందుకే. అది ముసలిదైపోయింది."

పందెం కట్టాం. వాడిది నలభై నాలుగు డిగ్రీల గిన్నె, నాది వేలి గిన్నె. ఏది ఎవరిదో చెప్పకుండా గెనా ముందు పెట్టాం. ఆ ముసల్ది రెండూ తిని, మూతి తుడుచుకుని, మళ్ళీ రెండూ తిని, వాడి గిన్నె మీద చెంచా పెట్టింది. నలభై ఏళ్ళ ఇరుగుపొరుగు స్నేహం ఒక్క చెంచాతో పోయింది. మరి నువ్వు తినవేంరా అని వాణ్ణి అడిగితే, "నాకు పెరుగు ఇష్టం లేదు, నోట్లో జారుతుంది" అన్నాడు.

పొంగిపోకు. మర్నాడు వాడు డిగ్రీల పట్టీ రాసుకుంటూ పొయ్యి మీద పాలు మర్చిపోయాడు. మీ అమ్మ పెద్ద గిన్నె అడుగు బొగ్గయింది. ఇద్దరం ఇసకేసి తోముతున్నాం, మూడో రోజు.

పాల పని నేర్పే తరగతి మీ ఊళ్ళోనే ఏదో వృత్తి బళ్ళో ఉందట కదా. ఒకే బస్సట, మధ్యలో మారక్కర్లేదట. అది నాకు మూడుసార్లు చెప్పాడు. నీకెన్నిసార్లు చెప్పాడు?

ఇంకొకటి. గిన్నె తోముతూ అడిగాను, పరీక్షలో ఏమైందిరా అని. చెప్పాడు. గిన్నె తోముతుంటే ఎదుటివాడి మొహం చూడక్కర్లేదు, అందుకని చెప్పాడనుకుంటా. చెప్పి, అమ్మకి చెప్పకూడదని నాచేత ఒట్టేయించుకున్నాడు. వేశాను. కాబట్టి చెప్పను.

కానీ ప్రశ్న అడక్కూడదని ఒట్టులో లేదు. పరీక్ష పొద్దున వాడు గుమ్మం దాటుతుంటే నువ్వేం చేశావు? ఏమన్నావు? అది గుర్తు తెచ్చుకుని, బడికి పోయి, వాడు రాసిన కాగితాలు చూపించమను. తల్లివి, చూపిస్తారు.

దోంచో


ప్లోవ్‌దివ్,
జూలై 14

నాన్నా,

చూశాను.

లెక్కల టీచరమ్మ నన్ను గదిలో కూచోబెట్టి కాగితాలు నా ముందు పరిచింది. మొదటి పేజీలో నాలుగు ప్రశ్నల పక్కన పెన్సిలుతో చిన్న చుక్కలు. ఆ నాలుగూ ఖాళీ. రెండో పేజీలో ఐదు చుక్కలు, ఐదూ ఖాళీ. చివరి దాకా అంతే. చుక్క లేని ప్రతి ప్రశ్నా ఒప్పు. ఒక్కటి కూడా తప్పు లేదు నాన్నా.

"ఆ చుక్క నేను నేర్పిందే" అంది టీచరమ్మ. "టైం పట్టేవాటికి చుక్కపెట్టి ముందుకెళ్ళండి, చివర్లో వెనక్కొచ్చి చెయ్యండి అని. మార్చిలో అలాగే వెనక్కొచ్చి చేశాడు. ఈసారి ఎందుకో వెనక్కి రాలేదు. అందరికంటే ముందు ముగించి, చేతులు కట్టుకుని, గంటసేపు కిటికీలోంచి చూస్తూ కూచున్నాడట."

అప్పుడు గుర్తొచ్చింది నీ ప్రశ్న.

ఆ పొద్దున అమ్మ రాగి చెంబు బయటికి తీశాను. నువ్వు సైన్యంలోకి వెళ్ళేటప్పుడు నాయనమ్మ పోసిందే, నేను కాలేజీకి వెళ్ళేటప్పుడు అమ్మ పోసిందే. శకునం బాగుండాలని జెరేనియం రెమ్మ వేసి, గుమ్మం ముందు నీళ్ళు ఒలకబోశాను. "నీళ్ళలా సాగిపో నాన్నా" అన్నాను. అక్కడితో ఆగొచ్చు కదా? "ఇవాళ ఏం జరిగినా సరే, వెనక్కి తిరక్కు" అన్నాను. వాడు తలుపు దగ్గర ఆగి, "ఏం జరిగినానా?" అని అడిగాడు. అడిగాడు నాన్నా! నేనేమో "ఏం జరిగినా" అన్నాను. వాడు రెండంతస్తులు దిగాక కూడా మెట్ల మీంచి అరిచాను, "వెనక్కి మాత్రం తిరక్కురా" అని.

ఈ దేశంలో ఏ తల్లయినా అంటుంది ఆ మాట. కానీ ఏడేళ్ళుగా వాడి గురించి నేను అందరికీ పాఠాలు చెబుతున్నాను కదా, మాట జాగ్రత్తగా అనండి, వాడు అన్నది అన్నట్టు తీసుకుంటాడు అని. నలభై ఏడు మార్కులు నా చేత్తో నేనే ఒలకబోశాను.

ఒక్కటి చెప్పు నాన్నా, ఒట్టు సంగతి తర్వాత చూసుకుందాం. వాడు నిజంగా నమ్మాడా? వెనక పేజీ తిప్పితే ఏదో చెడు జరుగుతుందని ఆ గంటసేపూ భయపడుతూ కూచున్నాడా? అది తల్చుకుంటే నాకు అన్నం దిగడంలేదు.

నెవ్యా


చెరెషొవో,
జూలై 17

నెవ్యా,

భయపడలేదు. నమ్మనూ లేదు. నేనూ అదే అడిగాను. వాడన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నీళ్ళకీ మార్కులకీ సంబంధం లేదు తాతా, అది నాకు ఆరేళ్ళప్పట్నించీ తెలుసు. కానీ అమ్మ చెంబు వంక చూడకుండా నా వంకే చూస్తోంది. సగం నీళ్ళు తన చెప్పుల మీదే పోసుకుంది. చుక్కలు పెట్టి వెనక్కి రమ్మని టీచర్ చెప్పింది మార్కుల కోసం. వెనక్కి తిరక్కని అమ్మ చెప్పింది అమ్మ కోసం. రెండూ కుదరవు. అందుకని అమ్మది చేశాను."

కిటికీలోంచి ఏం చూశావురా గంటసేపు అంటే, ఎదురుగా పాల డిపో ఉందట, వాన్లు లెక్కపెట్టాడట. పదకొండు.

ఒట్టు తప్పానని వాడికి చెప్పేశాను. "ఎంత తప్పావు?" అన్నాడు. "మొత్తం" అన్నాను. "అయితే ఇంక దాచక్కర్లేదు. దాచడం చాలా పని" అన్నాడు.

ఈ ఉత్తరంలో జోకు లేదని కంగారుపడకు, ఒంట్లో బానే ఉంది. ఆదివారం బయలుదేరి రా. మిరపకాయలు కాలుస్తాం. ఏడవాలనిపిస్తే పెరట్లో చేతిపంపు ఉంది, దాని కీచుకి గెనాక్కూడా ఏమీ వినపడదు. కోరికల కాగితం వెంట తీసుకురా. రబ్బరు కూడా.

నాన్న


ప్లోవ్‌దివ్,
జూలై 23

నాన్నా,

చేరాను. నువ్వు కట్టిచ్చిన కాల్చిన మిరపకాయలు బస్సంతా ఘుమఘుమలాడాయి. వెనక సీటాయన మా స్టాపు దాకా నాతోనే మాట్లాడాడు, మిరపకాయలతో మాట్లాడాడో నాతో మాట్లాడాడో తెలీదు.

నువ్వు మిరపకాయల దగ్గరుండగా పెరట్లో మేమిద్దరం ఏం మాట్లాడుకున్నామని పదిసార్లు అడిగావు. అప్పుడు చెబితే నువ్వు మధ్యలో జోకు వేసేవాడివి. ఇప్పుడు చెబుతాను.

"నన్ను క్షమించు నాన్నా" అన్నాను వాడితో.

"దేనికి?"

"ఆ నీళ్ళకి."

"నీళ్ళు పర్వాలేదు. మొహం సంగతి చెప్పు."

చెప్పాను. నీ మొహం చూసి కాదురా, అందరికీ చూపిద్దామని ఏడేళ్ళుగా అనుకున్న కాగితం పోయిందని ఏడ్చాను అని. "అందరికీ అంటే ఎవరికి?" అన్నాడు. పేర్లు చెప్పమన్నాడు. వేళ్ళు మడవడానికి సిద్ధంగా చెయ్యి చాపాడు. డైరెక్టరమ్మ అన్నాను. త్సోంకా అన్నాను. మూడో పేరు కోసం చాలాసేపు వెతికాను నాన్నా, దొరకలేదు. "ఇద్దరే" అని వాడు చెయ్యి దించేశాడు.

ఇంక మీ వంటింట్లో వాడు నాకు పెట్టిన పరీక్ష, వాడికొచ్చిన ప్రశ్నలతోనే. "అంత సులువైతే నువ్వు రాయమ్మా" అని వాడన్నప్పుడు సరేనన్నది నేనే, కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు. కానీ అంత పకడ్బందీగా జరుగుతుందనుకోలేదు! ఫోన్ లాక్కున్నాడు. చేతులు తిప్పి చూపించమన్నాడు. ఇన్విజిలేటరు అభ్యర్థితో మాట్లాడకూడదని కాగితం మీద రాసి చూపించాడు. గెనా తలుపులోంచి తొంగిచూస్తే వేలు నోటిమీద పెట్టి బయటికి తోలేశాడు. నువ్వొక్కడివే పొయ్యి దగ్గర పిల్లిలా కూచున్నావు, నిన్నెందుకు ఉండనిచ్చాడో.

ముప్ఫై తొమ్మిది! బళ్ళో లెక్కల్లో ఎప్పుడూ ఆరుకి ఆరు తెచ్చుకున్నదాన్ని. చివరి రెండు పేజీలు ముట్టుకోనే లేదు, టైం ఎటుపోయిందో తెలీలేదు. వాడు దిద్ది, నా భుజం మీద రెండు వేళ్ళు ఆనించాడు. వాడి లెక్కలో అది కౌగిలింత. "మొదటిసారికి పర్వాలేదమ్మా. నాకంటే రెండే తక్కువ" అన్నాడు. నవ్వాను నాన్నా. ఫలితాలొచ్చాక అదే మొదటిసారి నవ్వడం.

కోరికల కాగితం వాడే రాశాడు, నువ్వు చూశావు. మొదటి గడిలో పాల తరగతి. రెండో గడి ఖాళీ. "ఇంకోటి కూడా రాయరా" అంటే "ఇంకోటి వద్దు కదా" అన్నాడు. నిన్న ఇచ్చేశాను. నిజం చెప్పొద్దూ, కౌంటర్ దగ్గర నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముద్ర పడింది. నా కొడుకు పెరుగు తోడు పెట్టడం చదువుతాడు. ఈ వాక్యం రాసి, మళ్ళీ చదువుకున్నాను. బానే ఉంది.

ఇవాళ లిఫ్టెక్కాను. త్సోంకా ఉంది.

"మీవాడికి ఎక్కడొచ్చింది పాపం?"

"పాల తరగతి కోరుకున్నాడు. పెరుగు చెయ్యడం నేర్చుకుంటాడు."

"అయ్యో. పెరుగు కొట్లో దొరుకుతుంది కదా!"

"కొట్లోకి ఎక్కణ్ణించొస్తుంది త్సోంకా?"

నాలుగో అంతస్తు వచ్చి తలుపు తెరుచుకుంది. ఆవిడ దిగలేదు. ఇంకా ఆలోచిస్తూ నాతోపాటు ఏడు దాకా వచ్చింది.

యాసెన్‌ని ఆగస్టు దాకా ఉంచుకో. కానీ ప్రతి శనివారం నేనొస్తాను. నా మొహం తీసుకుని.

నీ
నెవ్యా


చెరెషొవో,
జూలై 29

నెవ్యా తల్లీ,

జవాబు ఆలస్యమైంది. పోస్టుమాన్ తప్పు కాదు, నాదే. నీ చేతిలోంచి ఆ కాగితం వెళ్ళి, దాని మీద ముద్ర పడి, వారం గడిచి, చల్లారేదాకా ఆగాను. ఇప్పుడు తోడు పెడితే విరగదు.

నీ కొడుకు ఇప్పుడు ఊరికంతటికీ డిగ్రీలు చెబుతున్నాడు. గెనా వాళ్ళ పాలు కాగుతుంటే గోడ అవతల్నించి "యాసెన్, ఎంత?" అని అరుస్తుంది. నా చిటికెన వేలికి ఊళ్ళో విలువ పోయింది. నిన్న వాడు ఒక చెంచా పెరుగు తిన్నాడు. మొహం అదోలా పెట్టి, "నాది బానే ఉంది, కానీ ఇంక తినను" అన్నాడు. నీకు చెప్పమన్నాడు.

ఇంక, నువ్వు ఆ ముప్ఫై తొమ్మిది మార్కుల్ని తెగ తల్చుకుంటున్నట్టున్నావు. గెనాకి నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "ఆ పిల్లకి నిజం చెప్పు ముసలోడా, పాపం తగుల్తుంది" అని చీపురెత్తింది. అందుకని చెబుతున్నాను. కూచుని చదువు.

ఆ రోజు నువ్వు తలొంచుకుని మూడో పేజీలో ఉన్నావు. పెన్ను గుర్రంలా పరిగెడుతోంది. నీ లెక్కలు నాకు తెలీవా? ఇంకాసేపు వదిలితే తొంభై దాటేస్తావు. దాటాక నీ మొహం నీ మాట వినదు, వెలిగిపోతుంది. ఎదురుగా వాడు కూచునున్నాడు నలభై ఒకటితో. కాఫీ పొంగుతోందని లేచినట్టు లేచి, నా తలమీదున్న గోడ గడియారం ముల్లు ఇరవై నిమిషాలు ముందుకి తోసేశాను. తర్వాత నువ్వు మొహం కడుక్కోడానికి పంపు దగ్గరికెళ్ళినప్పుడు వెనక్కి తిప్పేశాను.

వాడు చూశాడు. నా వంక చూశాడు, నీ వంక చూశాడు, నోరు తెరిచాడు. ఇన్విజిలేటరు మాట్లాడకూడదని రూలు పెట్టింది వాడే కదా, మళ్ళీ మూసుకున్నాడు. నువ్వు బస్సెక్కాక అడిగాను, అమ్మకెందుకు చెప్పలేదురా అని. "అమ్మ అడగలేదు" అన్నాడు. అయినా వాడి దగ్గర ఏదీ దాగదు, ఇన్విజిలేటరు పుస్తకంలో రాసిపెట్టాడు. ఆ పేజీ చించి ఇందులో పెడుతున్నాను. వాడి దస్తూరీ నీకు తెలుసు, నేను మార్చానని అనకు:

"10 గంటల 40 నిమిషాలు. తాత గడియారాన్ని 11 చేశాడు. అభ్యర్థి గమనించలేదు. ఇన్విజిలేటరుకి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు."

గడియారం దొంగ,
దోంచో